చెయ్యెత్తితే ఆగే బండి

నెల్లూరు నుంచి ముత్తుకూరు దాకా బస్సో షేర్ ఆటోనో దొరుకుతుంది. అక్కణ్ణుంచి కృష్ణపట్నం ఊళ్లోకి, ఆ పైన సముద్రం ఒడ్డుకి చేరాలంటే ఎదురుచూసే ఓపికైనా ఉండాలి, రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తే మొండితనమైనా ఉండాలి. ఓపిక నాకు మొదట్నుంచీ తక్కువే. కారు మాట్లాడుకోమని ఇంట్లోవాళ్లు చెప్పారు. వద్దన్నాను. అరవై నిండిన ఆడమనిషి, చేతిలో ఒక సంచి, తెలిసిన మొహం ఒక్కటీ లేని ఊరు. మా వరంగల్ పక్క పల్లెల్లో అయితే రోడ్డు మీద పోయే పది బండ్లలో ఒకటైనా మేనత్త కొడుకుదో, బడిలో చదువుకున్న పిల్లవాడిదో అయి ఉంటుంది. ఇక్కడ ఆ దన్ను లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. నేను బీమా ఆఫీసులో మోటారు క్లెయిముల ఫైళ్లు చూసి చూసి రిటైరైనదాన్ని. ఎవరైనా బండి ఆపి ఎక్కమంటే, మనిషి మంచివాడా కాదా అన్నది నాకు తర్వాత తడుతుంది. బండికి ఏ పాలసీ ఉందో అన్నది ముందు తడుతుంది. ఇదొక రోగం. ఈ ప్రయాణమంతా ఆ రోగంతోనే సాగింది.

ముత్తుకూరు దాకా రోడ్డుకి రెండు పక్కలా పెన్నా నీళ్లు కాలవల మీదుగా వచ్చి తడిపే మాగాణి. తూర్పుకి పోయేకొద్దీ వరి పలచబడి రొయ్యల గుంటలు మొదలవుతాయి. ఏరేటర్లు నీళ్లను చిలుకుతూ తెల్లటి నురగ లేపుతుంటాయి. గుంట గట్టు మీద రేకుల షెడ్డు, షెడ్డు ముందు కట్టేసిన కుక్క. ఇంకా పోతే ఉప్పు పేరిన బీడు, సర్కారు తుమ్మలు, వాటి వెనక నేలటూరు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. దామోదరం సంజీవయ్య పేరు పెట్టిన ఆ కేంద్రంలో ఒక్కో యూనిట్ 800 మెగావాట్లది. ఆ గొట్టాలు ఎక్కణ్ణుంచి చూసినా కనిపిస్తాయి గానీ ఎంత నడిచినా దగ్గరకి రావు.

నాకు ముందు ఆగింది ఒక మోటార్‌సైకిల్. రొయ్యల గుంటల దగ్గర మేత వేసే కుర్రాడు. హ్యాండిల్‌కి టిఫిన్ క్యారియర్ వేలాడుతోంది.

"యాడికి పోవాలమ్మా?"

"కృష్ణపట్నం నాయనా."

"నేను ఈ పక్కనే గుంటల కాడికి పోతుండా. అడ్డరోడ్డులో దించుతా. ఆడ్నించి ఇంకో బండి దొరుకుద్ది."

ఎక్కేముందు అతను చేసిన పని నాకు బాగా గుర్తుండిపోయింది. ఛాతీ మీద ముందుకి తగిలించుకున్న సంచిని తీసి, వీపు మీదికి మార్చుకున్నాడు. మా ఇద్దరి మధ్యా ఆ సంచి గోడలా నిలబడింది. అతను దాని గురించి ఒక్క మాటా అనలేదు, నేనూ అనలేదు. వీపుకున్న ఆ సంచిని పట్టుకునే కూర్చున్నాను. హైదరాబాదులో ఫోన్‌లో బుక్ చేసుకున్న బైక్ టాక్సీలు చాలా ఎక్కాను. నంబరూ ఓటీపీ అన్నీ ఉంటాయి. ఈ మర్యాద ఎక్కడా తగల్లేదు.

కొంచెం దూరం పోయాక ఉండబట్టలేక అడిగాను, బండికి ఇన్సూరెన్సు ఉందా అని.

"ఎందుకు లేదమ్మా, ఉండాది. పోలీసోళ్లకి చూపించేంత ఉండాది."

అంటే థర్డ్ పార్టీ. మన రోడ్ల మీద తిరిగే పాత ద్విచక్ర వాహనాలకు చాలావాటికి ఉండేది అదే, ఉంటే. ఆ పాలసీ బండి గుద్దిన బయటి మనిషికి పనికొస్తుంది గానీ, బండి వెనక ఊరికే ఎక్కి కూర్చున్న మనిషికి పనికిరాదని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. అదే బండికి సమగ్ర పాలసీ, మా ఆఫీసు భాషలో ప్యాకేజీ పాలసీ, ఉంటే వెనక కూర్చున్నవాళ్లూ కారులో ఎక్కినవాళ్లూ దాని కిందికి వస్తారని 2012లో అదే కోర్టు తేల్చింది. లిఫ్ట్ అడిగేవాళ్లు ఈ తేడా తెలుసుకుని ఎక్కరు, ఇచ్చేవాళ్లకూ తెలియదు. ఆ కుర్రాడి నెత్తిన హెల్మెట్ ఉంది, నా నెత్తిన కొంగు ఉంది. వెనక కూర్చునేవాళ్లకూ హెల్మెట్ ఉండి తీరాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అంటే ఎక్కిన క్షణం నుంచి దిగేదాకా నేను చట్టం తప్పిన మనిషినే. లిఫ్ట్ అడిగినందుకు కాదు, కొంగు కప్పుకున్నందుకు.

లిఫ్ట్ అడగడం మన దేశంలో నేరమని ఏ కేంద్ర చట్టమూ చెప్పదు. ఇచ్చినవాణ్ణీ, డబ్బు ముట్టనంత కాలం, ఎవరూ ఏమీ అనకూడదు. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు అక్కణ్ణుంచే మొదలవుతుంది. చట్టం అడిగేవాడి జోలికి రాదు, బరువంతా ఆపినవాడి నెత్తిన పెడుతుంది.

అడ్డరోడ్డులో ఒక టీ అంగడి. బాండీలో నూనె కాగుతోంది, పక్కన పొంగిన రుబ్బు. పులిబొంగరాలు వేస్తున్నారు. నెల్లూరు జిల్లాలో వీటిని తినకుండా తిరిగి వస్తే యాత్ర లెక్కలోకి రాదు. పైన కరకర, లోపల మెత్తన, తగలీ తగలని పులుపు. పచ్చడి మాత్రం మా వరంగల్ నాలుకకే చురుక్కుమంది, ఇక మిగతావాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

అంగడి ముందు నుంచి లారీలు ఒకదాని వెంట ఒకటి పోతూనే ఉన్నాయి. కృష్ణపట్నం పోర్టు 2008లో మొదలైంది. మొదట నవయుగ వాళ్లది, 2020లో అదానీల చేతికి వెళ్లింది. మొదట్లో బళ్లారి వైపు నుంచి వచ్చిన ఇనుప ఖనిజం ఇక్కణ్ణుంచి ఓడలెక్కేది. ఇప్పుడు బొగ్గు దిగుతుంది, పామాయిల్ దిగుతుంది. పంటపాళెం చుట్టూ నూనె శుద్ధి ఫ్యాక్టరీలు. అందుకే ఈ రోడ్డు మీద ట్యాంకర్లు ఎక్కువ. నేను చెయ్యెత్తాను. ఒక్కటీ ఆగలేదు. ఎదురుగా టీ తాగుతున్న ట్యాంకర్ డ్రైవర్ ఇదంతా చూసి నవ్వాడు. ఒంగోలు పక్క మనిషి.

"లారీలు ఆగవమ్మా. ఆపితే మాకే ఇబ్బంది. మా బండిలో జీపీఎస్ ఉంది, ఎక్కడ ఆగినా ఓనరుకి తెలుస్తుంది. అది సరే, మా ఊరి సంగతి మీకు తెలుసో తెలీదో. మున్నా పేరు విన్నారా?"

విన్నాను. లారీ తోలేవాళ్లెవరూ ఆ పేరు మర్చిపోలేదని అతని గొంతులో తెలిసింది. 2008లో, అప్పటికి ఐదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు పదహారు. ఒంగోలు దగ్గర మున్నా ముఠా అధికారుల వేషంలో, కాగితాలు చూడాలన్నట్టు చెయ్యెత్తి లారీలు ఆపేది. డ్రైవర్నీ క్లీనర్నీ నైలాన్ తాడుతో గొంతు బిగించి చంపి, శవాలను వాగుల పక్కన పూడ్చి, సరుకు అమ్ముకుని, లారీని మద్దిపాడు దగ్గర ఒక గోడౌన్లో ముక్కలు చేసేసేది. లోడ్లలో ఇనుమే ఎక్కువ. 2021 మే 24న ఒంగోలు కోర్టు పన్నెండు మందికి మరణశిక్ష వేసింది. వాళ్లు లిఫ్ట్ అడిగినవాళ్లు కారు. కానీ రాత్రిపూట రోడ్డు పక్కన లేచిన ప్రతి చెయ్యీ ఆ డ్రైవర్ కళ్లకి ఆ చెయ్యిలాగే కనిపిస్తుంది.

లిఫ్ట్ భద్రత గురించి ఎవరు రాసినా ఎక్కేవాళ్లకే జాగ్రత్తలు చెబుతారు. నంబరు ప్లేటు ఫోటో తీసి ఇంటికి పంపండి, వెనక సీట్లో కూర్చోవద్దు, 112 గుర్తుంచుకోండి అంటారు. మంచి మాటలే, నేనూ ఫోటోలు తీసి మా అమ్మాయికి పంపాను. ఆపేవాడి గుండె దడ గురించి ఎవరూ రాయరు. ఆ ట్యాంకర్ డ్రైవర్ రాతిగుండెవాడు కాదు. నా టీ డబ్బులు తనే ఇచ్చాడు, బండి మాత్రం ఎక్కించుకోలేదు.

చివరికి నన్ను కృష్ణపట్నం చేర్చింది ఐసు పెట్టెలు వేసుకుపోతున్న ట్రాలీ ఆటో. డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. అలాంటి బండ్ల సంగతి తర్వాత.

ఊళ్లోకి వెళ్లగానే పోర్టు మాయమవుతుంది. అంటే క్రేన్లు ఆకాశంలో కనిపిస్తూనే ఉంటాయి, కానీ కింద ఇళ్ల మధ్య వేరే లోకం. ఎండేసిన వలలు, సిద్ధేశ్వరుడి గుడి, అరుగు మీద కబుర్లు. కండలేరు ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. పాయ వెడల్పుగా, సోమరిగా, బురద రంగులో ఉంది. ఒడ్డున మోకాలి లోతు బురదలో దిగి యానాదులు పీతలు పడుతున్నారు. చేత్తోనే. బురదలో చిన్న బొరియ చూసి, అందులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, పీత కొండి తగలకుండా వెనక నుంచి పట్టి తీస్తున్నారు. నేను చూస్తుండగానే ఒకామె పీత తీసి, కాలి కింద తొక్కిపట్టి, గడ్డిపోచ లాంటి పీచుతో కొండ్లు కట్టేసి బుట్టలో వేసింది. ఆమె చేతివేళ్ల మీద పాత గాట్లు తెల్లటి గీతల్లా ఉన్నాయి.

బకింగ్‌హామ్ కాలవ ఈ ఊరి పక్కనుంచే పోతుంది. 1877 కరువు రోజుల్లో కూలి పనిగా తవ్వించిన భాగాలు దాన్లో ఉన్నాయి. ఉప్పూ, కట్టెలూ వేసుకుని పడవలు మద్రాసు పోయేవి. ఇప్పుడు చాలాచోట్ల గుర్రపుడెక్క, తుంగ.

బయటి ప్రపంచానికి ఈ ఊరు పోర్టు వల్ల తెలియలేదు, మందు వల్ల తెలిసింది. 2021 మేలో, కరోనా రెండో విడత ముంచెత్తినప్పుడు, ఈ ఊరి ఆనందయ్య ఇచ్చే నాటు మందు కోసం వేలాది మంది ఈ ఇరుకు సందుల్లోకి వచ్చారు. మే 21న జనాన్ని పట్టలేక పంపిణీ ఆపించారు. నేను భోజనం చేసిన ఇంటి ఇల్లాలు ఆ రోజులు చెప్పింది. "ఆంబులెన్సులు, కార్లు, మోటార్‌సైకిళ్లు. ఊపిరాడని మనిషిని వెనక కూర్చోబెట్టుకుని, తువ్వాలుతో నడుముకి కట్టేసుకుని వచ్చినారు. ముక్కూమొహం తెలీనోళ్లని కూడా ఎక్కించుకుని వచ్చినోళ్లు ఉండారు." అంటురోగం నెత్తిన కూర్చున్న ఆ నెలలో అపరిచితుణ్ణి బండెక్కించుకోవడం ఎంత తెగువో ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్లు ఝల్లుమంటుంది. మందు పనిచేసిందా లేదా అన్న తగువులోకి నేను పోను. ఆ తువ్వాలు మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

ఆ ఇంట్లో చేపల పులుసు పెట్టారు. పొద్దున్నే వండి పెట్టిందిట, మధ్యాహ్నానికి ముక్కకి పులుపు పట్టింది. చింతపండుతో పాటు పచ్చి మామిడికాయ ముక్కలు. మా వైపు బొచ్చె, రవ్వ లాంటి చెరువు చేపలకు మెంతిపొడి దండిగా వేస్తాం. ఇక్కడ మామిడికాయే రాణి. నా పేరు ఎవరూ అడగలేదు. పిల్లలెంతమంది, వాళ్ల పెళ్లిళ్లయ్యాయా, కోడలు మంచిదేనా అన్నవి మాత్రం మొదటి ముద్ద దిగకముందే అడిగారు.

ఆ ఇల్లాలు తట్టతో చేపలు అమ్ముతుంది. తెల్లవారుజామున ఆడవాళ్లంతా కలిసి ట్రాలీ ఆటోలో ముత్తుకూరు పోతారు. ఎండెక్కాక ఖాళీ తట్టలతో ఏది దొరికితే అది ఎక్కి తిరిగొస్తారు. ఇక్కడ నాలోని ఫైళ్ల మనిషి మళ్లీ లేచింది.

సరుకు బండిలో మనుషులు ఎక్కితే సంగతేమిటన్నది మా ఆఫీసులో ఏళ్ల తరబడి నలిగిన తగువు. ఊరికే ఎక్కిన ప్రయాణికుడికి బీమా కంపెనీ బాధ్యత లేదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. సరుకు సొంతదారుకీ, అతని తరఫు మనిషికీ మాత్రం 1994 సవరణ రక్షణ ఇచ్చింది. ఆ సొంతదారు కూడా క్యాబిన్లో కూర్చుంటేనే లెక్క, వెనక సరుకు మీద కూర్చుంటే కాదని 2007లో మన ఉమ్మడి రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే చెప్పింది. ఇప్పుడు ఈ ఇల్లాలిని తీసుకోండి. పొద్దున చేపల తట్టతో పోతున్నప్పుడు ఆమె చట్టం కళ్లకి సరుకు సొంతదారు. కానీ ట్రాలీకి క్యాబిన్‌లో చోటెంత? డ్రైవర్ పక్కన ఒక్కరు. మిగతా ఆడవాళ్లంతా వెనక తట్టల మధ్యే. మధ్యాహ్నం తట్ట ఖాళీ అయ్యాక ఆమె ఎవరు? అదే మనిషి, అదే బండి, అదే రోడ్డు. కంపెనీ వకీలు లేచి నిలబడి, సరుకేదమ్మా అని అడుగుతాడు. అలాంటి ప్రశ్నలు నేనూ ఫైళ్ల మీద ఎర్ర సిరాతో రాశాను. నియమం అదే కాబట్టి రాశాను, ఇప్పుడూ ఆ నియమం తప్పని అనను. ఎదురుగా ఖాళీ తట్ట బోర్లించి దాని మీద కూర్చున్న మనిషిని చూస్తూ ఆ నియమం చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

"బస్సు ఫ్రీ గదా ఇప్పుడు?" అన్నాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకి ఆర్టీసీ పల్లెవెలుగు బస్సుల్లో టికెట్టు లేదు. మా తెలంగాణలో అంతకు ఏడాదిన్నరకి పైగా ముందే, 2023 డిసెంబరులో, మహాలక్ష్మి పేరుతో మొదలైంది.

"ఫ్రీయే. తట్టతో ఎక్కాలంటే మాకే మొహమాటం. నీచు వాసన, పక్కనోళ్లు ముక్కు మూసుకుంటారు. ఇంకోటి, చేప మా టయానికి వస్తది, బస్సు దాని టయానికి వస్తది."

ఒంటరిగా ఎవరి బండైనా ఎక్కుతావా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. నలుగురైతే ఎక్కుతుందట. ఒక్కతే అయితే, బండిలో ఆడమనిషి కనిపిస్తేనే. "ఆ పిల్ల సంగతి టీవీలో చూసినప్పట్నుంచీ" అని ఆగిపోయింది. ఏ పిల్లో నేను అడగలేదు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర, దిశ అని పిలిచిన అమ్మాయిపై అత్యాచారం చేసి చంపిన సంగతి ఇద్దరికీ గుర్తుంది. అక్కడ ఎవరూ లిఫ్ట్ అడగలేదు. పంక్చరైన బండి పక్కన నిలబడిన అమ్మాయి దగ్గరికి సాయం చేస్తామంటూ వచ్చారు. ఆ తర్వాత సాయం అన్న మాటకే ఆడపిల్లలు ఉలిక్కిపడే రోజులొచ్చాయి. అరవై ఏళ్ల నా జుట్టు తెల్లబడింది కాబట్టి రోడ్డు మీద నాకు అమ్మా అన్న పిలుపూ, మధ్యలో సంచీ దొరికాయి. ఇరవై ఏళ్ల పిల్లని అదే అడ్డరోడ్డులో నిలబడి చెయ్యెత్తమని నేను చెప్పను. ఎవరైనా చెబితే నమ్మొద్దంటాను.

పరదేశాల్లో ఈ భయానికి ప్రభుత్వాలు మందు వెతికిన సందర్భాలున్నాయి. పోలండ్‌లో 1950ల చివర్లో లిఫ్ట్ అడిగేవాళ్లకి పుస్తకాలు అమ్మారు. ఎక్కించుకున్న డ్రైవర్‌కి అందులోంచి కూపన్ చించి ఇవ్వాలి, కూపన్లు ఎక్కువ పోగుచేసిన డ్రైవర్లకి బహుమతులు. క్యూబాలో 1990లలో సోవియట్ పెట్రోలు ఆగిపోయాక, పసుపు యూనిఫాం వేసుకున్న ఉద్యోగులు రోడ్డు పక్కన నిలబడి, ఖాళీ సీట్లున్న సర్కారు బండ్లను ఆపి, వరసలో ఉన్నవాళ్లని ఎక్కించేవారు. చెయ్యెత్తేది మనం కాదు, మన తరఫున ప్రభుత్వం. ముత్తుకూరు అడ్డరోడ్డులో అలాంటి పసుపు చొక్కా ఒకటి నిలబడితే పోర్టుకీ థర్మల్ కేంద్రానికీ పోయే ఖాళీ జీపులు ఎన్ని ఆగుతాయో అని ఊహించుకుని నవ్వుకున్నాను.

సాయంత్రం లైట్‌హౌస్ వైపు నడిచి వచ్చేసరికి గాలి మారింది. తిరుగు దారిలో ఒక కారు నేను చెయ్యెత్తకుండానే ఆగింది. మొగుడూ పెళ్లాం, వెనక సీట్లో నిద్రపోతున్న చిన్నపిల్ల. చేపలమ్మే ఇల్లాలి నియమం గుర్తొచ్చి ఎక్కేశాను. ఆయన పోర్టుకి సంబంధించిన ఏదో ఆఫీసులో పనిచేస్తాడు, హైవే దాకా పోతున్నారు. ఆవిడ బిస్కెట్లు ఇచ్చింది. ఆయన అద్దంలోంచి నన్ను చూసి, "మా ఆవిడ పక్కన ఉంటేనే ఆపుతానమ్మా. ఒక్కణ్ణే ఉంటే ఆడవాళ్లకి అసలు ఆపను. మగవాళ్లకి ఇంకా ఆపను" అన్నాడు. మరి ఎవరికి ఆపుతారని అడిగితే ఆవిడ పకపకా నవ్వింది.

హైవే దగ్గర దిగేటప్పుడు పర్సులోంచి వంద నోటు తీశాను. మన మర్యాద అది, ఊరికే ఎక్కామన్న భావన ఉండకూడదని. ఆయన చేతులు జోడించాడు. తీసుకోకపోవడమే ఆయనకి క్షేమం. ప్రైవేటు కారులో కిరాయికి మనుషుల్ని ఎక్కించుకుంటే పర్మిట్ లేని టాక్సీ కింద లెక్క. మోటారు వాహనాల చట్టంలో 66వ సెక్షన్. 2019 సవరణ తర్వాత దానికి పదివేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. నేను పెట్రోలు ఖర్చనుకుని ఇచ్చే నోటు చూసే ఇన్‌స్పెక్టర్‌కి కిరాయి కావచ్చు. నోటు లేకపోయినా చిక్కు తప్పని రోజులున్నాయి. 2018 జూన్‌లో నవీ ముంబైలోని ఐరోలి దగ్గర వానలో నిలబడ్డ ముగ్గుర్ని కారెక్కించుకున్న ఒకాయన మీద ఇదే సెక్షన్ కింద చలానా రాశారు. పైసా తీసుకోలేదని మొత్తుకున్నా, కోర్టులో జరిమానా కట్టి లైసెన్సు విడిపించుకోవాల్సి వచ్చింది. ఆయన తన అనుభవం ఫేస్‌బుక్‌లో రాసుకుంటే దేశమంతా చదివింది. చదివినవాళ్లలో ఎంతమంది ఆ తర్వాత వానలో బండి ఆపి ఉంటారు?

ఈ కథ కారులో వాళ్లకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆయన మొహం కాస్త పాలిపోయింది. ఆవిడ మాత్రం అద్దం దించి, నా చేతిలో మిగిలిన బిస్కెట్ ప్యాకెట్ పెట్టి గట్టిగా చెప్పింది:

"చీకటి పడుతోంది, ఇంక ఎవరి బండీ ఎక్కొద్దు పెద్దమ్మా. బస్సొచ్చేదాకా మేం ఇక్కణ్ణుంచి కదలం."